కొట్టేసిన రికార్డు

అయిదు గంటల కూత కూసి పావుగంట దాటినా గేటు దగ్గర వరుస కదలలేదు. ప్రెస్ హాల్లోంచి వచ్చిన మగవాళ్ళు, రికార్డులకు కవర్లు తొడిగే గదిలోంచి వచ్చిన ఆడవాళ్ళు, అంతా క్యారియర్ సంచులు చంకన పెట్టుకుని, ముందు ఏం జరుగుతోందో చూడాలని మెడలు సాచుతున్నారు.

“చెవులమ్మని రమ్మంటున్నారు” అన్న మాట నోటినుంచి నోటికి మారుతూ వరుస చివరిదాకా వచ్చింది.

ఆవిడ వరుస చివర్నే ఉంది. అసలు పేరు జీతాల కాగితంలో ఉంటుంది కానీ ఆ ఫ్యాక్టరీలో ఆవిణ్ణి ఎవరూ ఆ పేరుతో పిలవరు. హాలు మూలన ఉన్న అద్దాల గదిలో కూర్చుని, తయారైన రికార్డుల్లోంచి యాభైకొకటి తీసి గ్రామఫోను మీద పెట్టి వినడం ఆవిడ పని. బాగుంటే పాస్ అంటుంది. బాగాలేకపోతే మధ్యనున్న కాగితం బిళ్ళ మీద పసుపు పెన్సిలుతో అడ్డంగా రెండు గీతలు కొట్టి, కింద చిన్న సున్నా చుడుతుంది. పదకొండేళ్ళుగా అదే పని. అవతలి హాల్లో ఆవిరి బుసకొడుతుంటే లోపల పాట వెనకున్న వెంట్రుకవాసి గరగరని కూడా పట్టుకుంటుందని ఆవిడకి చెవులమ్మ అని పేరు పెట్టారు.

గేటు దగ్గర సూపరింటెండెంటు నిలబడి ఉన్నాడు. ఆ ఉడుకులో అందరి చొక్కాలూ వీపులకి అతుక్కుపోయి ఉంటే, ఆయన చొక్కా మడత మాత్రం పొద్దున ఎలా ఉందో సాయంత్రం అలాగే ఉంటుంది. అందుకని వెనకాల అందరూ ఆయన్ని ఇస్త్రీ సారు అంటారు. ఆయన ఎదురుగా చెవులమ్మ బావ తల వంచుకుని నిలబడ్డాడు. నాలుగో నంబరు ప్రెస్సు మనిషి. చేతిలో సంచి లేదు. సంచి గేటు జవాను చేతిలో ఉంది. సంచిలో ఉండాల్సింది సూపరింటెండెంటు రెండు అరచేతుల మధ్య ఉంది. నల్లగా, మెరుస్తూ, కవరు లేకుండా.

“ఈ గుర్తు నీదేనా?”

పసుపు గీతలు, కింద సున్నా. ఆవిడ ప్రాణం కుదుటపడింది. అమ్మయ్య, కొట్టేసిందే తీసుకున్నాడు, పాసైంది కాదు అనుకుంది.

“నాదేనండీ. ఇది చెత్తండీ. పొద్దున నేనే కొట్టేశాను. రెండో వైపు మూడో పాటలో టిక్కుమంటుంది.”

“ఓహో.” ఇస్త్రీ సారు వరుసవైపు చూశాడు. “పొద్దున నువ్వు కొట్టేసిందాన్ని సాయంత్రం వీడు కొట్టేశాడన్నమాట.”

హాజరు రాసే గుమాస్తా కిసుక్కున నవ్వాడు. మిగతావాళ్ళు నవ్వలేదు.

“ఎందుకు తీశావయ్యా? ఇంట్లో గ్రామఫోను ఉందా?”

“లేదండి” అన్నాడు బావ.

“మరి?”

బావ ఏదో అన్నాడు. నోట్లోనే అన్నాడు. పక్కనున్న చెవులమ్మకి తప్ప ఎవరికీ వినబడలేదు. మా ఆవిడకి చూపిద్దామని, అన్నాడు.

సూపరింటెండెంటు గుమాస్తాకి చెప్పాడు. “అంగట్లో దీని ధర ఎంతో అంతా వీడి లెక్కలో పట్టుకోండి. రేపట్నుంచి రానక్కర్లేదు.”

అంగట్లో దాని ధర ప్రెస్సు మనిషికి పన్నెండు రోజుల కూలి. బావకి ఇరవై మూడేళ్ళ సర్వీసు, రిటైరు చేసి చేతిలో ఇంత పెట్టి పంపడానికి ఇంకా ఏడు నెలలుంది.

“చెత్తకి అంగడి ధరేమిటండీ?” అంది ఆవిడ. ఆ గొంతు తనదేనా అనిపించేంత మెల్లగా వచ్చింది. “డ్రమ్ములో ఉంటే ఊరికే పిండి చేసేస్తారు కదండీ. సంచిలోకి వస్తే ఖరీదు వచ్చేస్తుందా?”

ఇస్త్రీ సారు రికార్డుని గేటు కమ్మీకి ఆనించి రెండు చేతులా వంచాడు. అది కాస్త వంగింది, ఇంకాస్త వంగింది, ఫట్‌మంది. ముక్కలు రెండూ జవాను కాళ్ళ దగ్గర పడ్డాయి.

“చెత్తో బంగారమో నేను చెప్తాను. నీ పని వినడం. అది చెయ్యి చాలు.”

వరుస కదిలింది.

*

మొగుడు పోయినప్పటినుంచి చెవులమ్మ ఉండేది అక్కా బావల దగ్గరే. రెండు గదులు, వెనక చిన్న వంటిల్లు. బావ వచ్చి కాళ్ళు కడుక్కుని, గోడవారగా కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద వెల్లకిలా పెట్టుకున్నాడు. ప్రెస్సులో పెట్టే వేడి ముద్దల్ని పట్టీ పట్టీ ఆ అరచేతులు నున్నగా, గీతల్లేకుండా అయిపోయాయి. జరిగిందంతా మరదలే చెప్పింది.

అక్క నోరు మంచిది కాదని వీధిలో పేరు. అంతా విన్నాక మొగుడివైపు తిరిగింది.

“అసలు ఎంతుంటుంది అది?”

“పళ్ళెమంత” అన్నాడు ఆయన.

“ఏ రంగు?”

“నలుపు.”

“నల్లటి పళ్ళెం. మధ్యలో చిల్లు కూడా ఉంటుందంటారు. దానికి పన్నెండు రోజుల కూలా! అందులో కూర పెట్టుకుంటే కారిపోదూ?”

ఆయన నవ్వలేదు. “ఇరవై మూడేళ్ళనుంచి అక్కడ ఏం చేస్తావు ఏం చేస్తావు అని అడుగుతూనే ఉన్నావుగా. అక్కణ్ణించి పోయే ముందు ఒక్కటి చూపిద్దామనుకున్నాను.”

అక్క లోపలికి పోయి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. తోమిన గిన్నెనే మళ్ళీ తోముతోందని చెవులమ్మకి చప్పుడుబట్టి తెలిసింది. కాసేపటికి లోపల్నుంచే అరిచింది. “ఏమేవ్, ఆ గుర్తు నీదేనని నువ్వెందుకు చెప్పావే?”

“నాది కాబట్టి. చెత్తని తెలిస్తే వదిలేస్తారనుకున్నా.”

“నీ చెవులకున్న తెలివి నీ నోటికి లేదు.” గుమ్మంలోకి వచ్చింది, చేతులు మోచేతులదాకా తడితో. “వాడి నోట మట్టికొట్టాలి. నువ్వు కొడతావా, నన్ను రమ్మంటావా?”

“మీరిద్దరూ ఏం చెయ్యొద్దు” అన్నాడు బావ. “దాని ఉద్యోగం కూడా పోగొడతావా ఏం?”

చెవులమ్మ ఆ మాటలు వినడంలేదు. పొద్దుటి రికార్డు గురించి ఆలోచిస్తోంది. యాభైలో ఒకటి తీసి వింటే టిక్కుమంది. అచ్చులోనే ఎక్కడో నలుసు ఇరుక్కుంది, అంటే మిగతా నలభై తొమ్మిదీ అలాగే టిక్కుమంటాయి. పాత సూపరింటెండెంటు రోజుల్లో అలాంటప్పుడు యాభైకి యాభై పక్కన పెట్టేవారు. ఇస్త్రీ సారు వచ్చాక ఆ విన్న ఒక్కదాన్నే కొట్టేసి మిగతావి పంపెయ్యమన్నాడు. ఆవిడా నాలుగేళ్ళుగా పంపేస్తూనే ఉంది. ఆ నలభై తొమ్మిదీ కవర్లు తొడుక్కుని దర్జాగా అంగడికి పోయాయి. వాటిని ఎవరెవరో పన్నెండేసి రోజుల కూలి పోసి కొనుక్కుంటారు. బావ తెచ్చింది ఆ యాభయ్యోది.

నీ పని వినడం, అది చెయ్యి చాలు అన్నాడు.

సరే అలాగే చేస్తానండీ, అనుకుంది.

*

మంగళవారం పొద్దున ఆవిడ అద్దాల గదిలోకి రాగానే గోడకి మేకున వేలాడుతున్న అట్టని దించి చీరకొంగుతో తుడిచింది. పరీక్ష నియమాలు. పాత సూపరింటెండెంటు కాలంలో టైపు చేయించింది. ‘నమూనాలో దోషం కనబడిన పక్షంలో ఆ యాభై రికార్డులూ తిరస్కరించవలెను.’ ఇస్త్రీ సారు వచ్చిన కొత్తలో అన్ని అట్టల మీదా సంతకాలు చేసినప్పుడు దాని మీదా చేశాడు. చదివాడో లేదో. అట్టని బల్ల మీద గ్రామఫోను పక్కన ఎదురుగా నిలబెట్టుకుంది.

ఆ వారం ఫ్యాక్టరీ అంతా ఒకటే రికార్డు. ఎవరో కొత్త గాయని, ఊరూవాడా గోడల మీద ఆమె బొమ్మలే. శనివారానికల్లా పది వేల రికార్డులు అంగళ్ళకి చేరాలి. ఆర్డరు అందుకోవాలని ఇస్త్రీ సారు ప్రెస్సు చల్లారే సమయం తగ్గించాడు. వేడి ముద్దని అచ్చుల మధ్య నొక్కాక ముప్పై సెకన్లు చన్నీళ్ళు తిరగాలి. ఇరవై చాలన్నాడు. చల్లారకుండా తీస్తే రికార్డు వేలిముద్రకి కూడా లొంగుతుంది. అంచు ఒంకరపోతుంది, గాడి మెత్తబడుతుంది.

ఒకటో నంబరు ప్రెస్సునుంచి మొదటి యాభై వచ్చాయి. ఒకటి తీసి, దీపం కింద పెట్టి వాలుగా చూసింది. గ్రామఫోను పళ్ళెం మీద పెట్టి సూది దించింది. కళ్ళు మూసుకుంది. రెండో పాటలో వయొలిన్లు లేచేచోట చిన్న ఊపు, తూగుటుయ్యాలలాగా. అంచు ఒంకర. నిన్నటిదాకా అయితే ‘పర్లేదులే’ అని దాటేసేది.

పసుపు పెన్సిలు తీసింది. రెండు గీతలు, సున్నా. పక్కదాని మీద రెండు గీతలు, సున్నా. అలా యాభై. ఒక్కొక్క గీతా గీస్తుంటే, పచ్చి మామిడికాయ కొరికినట్టు పళ్ళు జివ్వుమని, లోపల ఏదో హాయిగా ఉంది.

తోపుడుబండి తోసేవాడు వచ్చి చూసి నోరు తెరిచాడు. “ఇవన్నీనా అక్కా?”

“అన్నీ.”

మధ్యాహ్నానికి ఆరు యాభైలు పోయాయి. చెత్త రికార్డుల్ని తిరిగి పిండిచేసే మర చిన్నది, రోజుకి వందకంటే మింగలేదు. మిగతావాటిని వెనక పెరట్లో ప్రహరీగోడ వారగా పేర్చారు. సాయంత్రానికి ఆరువందలు. బుధవారం ఎనిమిది వందల యాభై. గోడ పక్కన ఇంకో నల్ల గోడ లేచింది.

బుధవారం నాలుగు గంటలకి ఇస్త్రీ సారు అద్దాల గదిలోకి వచ్చాడు. తలుపు మూశాడు.

“ఏమిటిది?”

“వింటున్నానండీ.”

“ఇన్నాళ్ళూ వినలేదా?”

“మొన్నటిదాకా సరిగ్గా వినలేదండీ. మీరు సోమవారం చెప్పారుగా, నీ పని వినడం అని.” అట్టవైపు చూపించింది. “మీ సంతకమేనండీ.”

ఆయన అట్ట చదివాడు. సంతకం దగ్గర కళ్ళు ఆగాయి. మెడ దగ్గర ఒక నరం లేచి పడింది. చొక్కా మాత్రం నలగలేదు.

“నీ బావ కోసమా ఇదంతా?”

“ఇది వినండి.” చెవులకి పెట్టుకునేది తీసి ఆయన చేతికిచ్చింది. “రెండో పాట. వయొలిన్లు లేచేచోట.”

ఆయన విన్నాడు. మొదట్నుంచి చివరిదాకా మొహంలో ఏ మార్పూ లేదు. “ఏముంది? బాగానే ఉంది.”

“ఊగుతోందండీ.”

“నాకేం ఊగడంలేదు.”

“అందుకేనండీ నాకు జీతమిస్తున్నారు.”

*

గురువారం పొద్దున ఆవిడ వచ్చేసరికి తన కుర్చీలో హాజరు గుమాస్తా కూర్చుని ఉన్నాడు. ఇవాళ్టికి నువ్వు కవర్ల గదిలోకి పో అన్నారు. సరేనని పోయింది. ఆడవాళ్ళ మధ్య కూర్చుని రికార్డులకి కవర్లు తొడిగింది. కవరు మీద గాయని నవ్వుతోంది. మూలన ధర అచ్చువేసి ఉంది. తన వేళ్ళు ఆ అంకె మీదుగా వెళ్ళినప్పుడల్లా సోమవారపు ఫట్‌మన్న చప్పుడు వినబడింది.

గుమాస్తా పొద్దుట్నుంచీ అన్నీ పాస్ చేశాడు. పదకొండు గంటలకి పాట వింటూ కాస్త కునుకు కూడా తీశాడని తోపుడుబండివాడు వచ్చి చెప్తే ఆడవాళ్ళంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆవిడ నవ్వలేదు. ఎదురుచూస్తోంది.

భోజనాల వేళ ఒకటో నంబరు ప్రెస్సు మనిషి ఆవిడ దగ్గరికి వచ్చాడు. మోచేతులదాకా కాలిన మచ్చలు. బావా, ఆయనా ఒకేరోజు పనిలో చేరారు. క్యారియర్ విప్పకుండానే ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

“చెల్లెమ్మా, నిన్నా మొన్నా నాకు ఎంత కూలి వచ్చిందో తెలుసా?”

ఆవిడకి తెలుసు. ప్రెస్సువాళ్ళకి కూలి పాసైన రికార్డుకే. కొట్టేసినదానికి ఏమీ ఉండదు. మంగళవారం మొదటి గీత గీసినప్పుడే తెలుసు. తెలిసీ గీసింది.

“సగం. ఎనిమిది ప్రెస్సులవాళ్ళకీ సగం. నాలుగో నంబరు నా స్నేహితుడే, కాదనను. కానీ నీ పగకి మా పిల్లల కంచాల్లోంచి తీసి పెడతావా?”

రెండు రోజులుగా అనుభవించిన హాయి ఒక్కసారిగా చేదెక్కింది. కవరు మీద వేళ్ళతో రుద్దుతూ కూర్చుంది.

“నేను లేని తప్పు రాయలేదన్నా.”

“రాశావని నేనన్నానా? ముప్పై సెకన్లు చల్లారనిస్తే ఒక్కటీ పోదు. ఆ సంగతి నాకూ తెలుసు, నీకూ తెలుసు.”

“అయితే ముప్పై ఉంచండి.”

“ఉంచనిస్తాడా?”

“అదే నేనూ అడిగేది.”

ఆయన లేచి, ప్యాంటు దులుపుకున్నాడు. “రేపటిదాకా చూస్తాం. అంతకంటే మావల్ల కాదు.”

రెండు గంటలకి అంగళ్ళకి సరుకు పంపే పెద్ద వ్యాపారి తరఫు మనిషి లారీతో వచ్చాడు. ఎప్పుడూ పెట్టెలు లెక్కపెట్టుకుని పోయేవాడే. ఆరోజు పొద్దున్న ఎవరో గిరాకీ ఒకటి తిరిగి తెచ్చి గొడవ చేశాడట, అందుకని గోదాములో గ్రామఫోను పెట్టించి ఒక పెట్టెలోంచి ఒకటి తీసి పెట్టాడు. గాయని గొంతు తాగినవాడి నడకలాగా అటూ ఇటూ తూలింది. ఇంకోటి తీశాడు. దానికి రెండు వైపులా మొదటి వైపు కాగితమే అంటించి ఉంది. మూడోదానికి మధ్య చిల్లు పక్కకి జరిగి ఉంది.

“వీటికా ఇంత ధర?” అన్నాడు ఆ మనిషి. లారీ ఖాళీగా వెనక్కి పోయింది. గుమాస్తా పాస్ చేసిన ఏడువందలూ పసుపు గీతలు వేయించుకుని పెరట్లో గోడకి చేరాయి.

మూడు గంటలకి ఆవిణ్ణి మళ్ళీ అద్దాల గదికి పంపారు.

కుర్చీలో కూర్చుని మొదటిది తీసింది. రెండో నంబరు ప్రెస్సుది. సూది దించింది. మొదటి పాట బాగుంది. రెండోది, వయొలిన్లు, ఊపు లేదు. తిప్పి పెట్టింది. మూడో పాటలో టిక్కు కోసం ఒళ్ళంతా చెవి చేసుకుంది. రాలేదు. ఆఖరి గాడి దాకా సూది నున్నగా నడిచి ఆగిపోయింది.

చేతిలో పెన్సిలు ఉంది. ఒక్క గీత గీస్తే యాభై పోతాయి. ఎవరు అడుగుతారు? ఇస్త్రీ సారుకి వినబడదు, గుమాస్తాకి వినబడదు. ఈ గదిలో తను ఏది తప్పంటే అది తప్పు. మళ్ళీ మొదట్నుంచి పెట్టింది. ఎక్కడైనా, ఎంత చిన్నదైనా, ఒక్కటి దొరకాలని దేవులాడుకుంటూ వింది. బావ వెల్లకిలా పెట్టుకున్న చేతులు కళ్ళముందు ఆడాయి. పెన్సిలు మొన కాగితం బిళ్ళకి ఆనింది కూడా.

పాట బాగుంది. ఏం చేస్తుంది? బాగుంది.

పళ్ళు నూరుకుని, “పాస్” అంది. ఆ తర్వాతి యాభైలో అంచు ఒంకర. అవి పోయాయి. ఆ తర్వాతవీ పోయాయి.

*

శుక్రవారం పొద్దున ఇస్త్రీ సారు ఆవిణ్ణి తన గదికి పిలిపించాడు. కూర్చోమన్నాడు. పదకొండేళ్ళలో ఎప్పుడూ అనలేదు. బల్ల మీద టెలిఫోను రెండుసార్లు మోగితే రెండుసార్లూ తీసి, “సాయంత్రానికల్లా, సాయంత్రానికల్లా” అని పెట్టేశాడు. చంకల దగ్గర చొక్కా తడిసి ఉంది. చెవులమ్మ ఆ తడినే చూస్తూ కూర్చుంది.

“చూడమ్మా” అన్నాడు. “మీకేం కావాలో చెప్పండి. జీతమా?”

మొన్నటి నువ్వు ఇవాళ మీరు అయింది. ఆ మాట చెవిలో పడ్డ తీరు ఆవిడకి ఎంత ఇంపుగా ఉందో చెప్పలేం. ఇంకోసారి అంటే బాగుండుననిపించింది.

“జీతం వద్దండీ. చల్లార్చేది మళ్ళీ ముప్పై సెకన్లు చెయ్యండి. వాటంతటవే పాసవుతాయి.”

“చేస్తాను. ఈ క్షణంనుంచి.”

“ఇంకో కాగితం రాసివ్వండి.”

“ఏమని?”

ముందే అనుకుని పెట్టుకున్న మాటలు ఆవిడ ఒక్కొక్కటిగా చెప్పింది. “పరీక్షలో కొట్టేసిన రికార్డు చెత్త. దానికి ధర లేదు. దాన్ని ఎవరు తీసుకెళ్ళినా దొంగతనం కాదు. కాబట్టి నాలుగో నంబరు ప్రెస్సు మనిషి మీద వేసిన జుల్మానా, పనిలోంచి తీసెయ్యడం, రెండూ రద్దు.”

ఆయన రాస్తూ రాస్తూ ఆగాడు. “ఎవరు తీసుకెళ్ళినా అని ఎందుకు? మీ బావ అని రాస్తే చాలదా?”

“ఒక్క మనిషికే రాస్తే రేపు పైవాళ్ళు ఏమంటారండీ? మీరేదో ఆయన పక్షం వహించారనుకోరూ? రూలు అంటే అందరికీ ఒకటేగా. మీరే అంటుంటారు.”

టెలిఫోను మళ్ళీ మోగింది. ఆయన ఒక చేత్తో దాన్ని ఎత్తుతూ రెండో చేత్తో సంతకం పెట్టాడు. ముద్ర వేశాడు.

“ఇంతేనా?” అన్నాడు, టెలిఫోను నోటికి అరచెయ్యి అడ్డం పెట్టి. అంత చవగ్గా వదిలిపోయినందుకు మొహం తేటపడింది.

“అంతేనండీ. గేటు దగ్గర అంటిస్తే బావకి పరువు దక్కుతుంది. అంత మందిలో దొంగన్నారు కదా. కంటికి ఎదురుగా అంటించమనండి, జవానుకి చత్వారం.”

*

శనివారం బావ పనిలోకి వచ్చాడు. నాలుగో నంబరు ప్రెస్సు మూత మీద అరచెయ్యి పెట్టి ఒక నిమిషం అలాగే ఉన్నాడు. మరదలితో పొద్దున దారిలో ఒక్క మాటన్నాడు. “వాళ్ళ కూలి పోగొట్టావే. ఏ మొహంతో కలవను?” ముప్పై సెకన్లు చల్లారిన రికార్డులు వస్తూనే ఉన్నాయి, పాసవుతూనే ఉన్నాయి. సాయంత్రానికి లారీ సగం నిండింది. మిగతా సగం సోమవారం ఇస్తామని ఇస్త్రీ సారు టెలిఫోనులో ప్రాధేయపడుతుంటే మెట్ల మీదివాళ్ళందరికీ వినబడింది.

అయిదు గంటల కూత కూసింది. వారం కూలి పంచారు. ప్రెస్సువాళ్ళు తమ కూలి కవర్లు తెరిచి చూసుకుని, జేబుల్లో పెట్టుకున్నారు. గేటు దగ్గర వరుస కట్టారు. ఒకటో నంబరు మనిషి అందరికంటే ముందున్నాడు. గోడకి అంటించిన కాగితం దగ్గర ఆగి, వేలుతో ఒక్కొక్క మాటా తాకుతూ పైకి చదివాడు.

“కొట్టేసిన రికార్డు చెత్త. దానికి ధర లేదు. దాన్ని... ఎవరు... తీసుకెళ్ళినా...”

మళ్ళీ చదివాడు. వెనక్కి తిరిగి వరుసలో చెవులమ్మ ఎక్కడుందో వెతికాడు. ఆవిడ అద్దాల గది తాళాన్ని కొంగుకి ముడేసుకుంటూ ఉంది, చాలా శ్రద్ధగా.

ఆయన వరుసలోంచి బయటికొచ్చి, తీరిగ్గా నడుచుకుంటూ పెరట్లోకి వెళ్ళాడు. వచ్చేటప్పుడు చంకలో ఒక రికార్డు ఉంది. బిళ్ళ మీద రెండు పసుపు గీతలు, సున్నా. దాన్ని సంచిలో దాచలేదు. జవాను మొహం ముందు పట్టుకున్నాడు.

“చూడవయ్యా బాగా. గుర్తుందా?”

“ఉంది” అన్నాడు జవాను.

“ధరుందా?”

జవాను కాగితంవైపు చూశాడు. పై అంతస్తులో ఇస్త్రీ సారు గది కిటికీవైపు చూశాడు. మళ్ళీ కాగితంవైపు చూశాడు. “లేదనే రాసుంది.”

“అయితే తప్పుకో.”

రెండోవాడు వరుస వదిలాడు. మూడోవాడు. తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో లేదు. కవర్ల గది ఆడవాళ్ళు కొంగులు నడుముకి దోపుకుని పెరట్లోకి పరుగెత్తారు. ఒకరు ఒకటి, ఒకరు నాలుగు, తోపుడుబండివాడు చేతికందినన్ని. మూడు రోజులు సగం కూలి తిన్న ఎనిమిది ప్రెస్సులవాళ్ళూ పన్నెండేసి రోజుల కూలి చంకల్లో పెట్టుకుని గేటు దాటారు. ఒక్కరింట్లోనూ గ్రామఫోను లేదు. ఆ సంగతి ఎవరికీ పట్టినట్టులేదు. ఒకామె తన రికార్డుని సూర్యుడికి ఎదురుగా పట్టుకుని గాడుల మీద మెరుపు తిరుగుతుంటే పక్కామెకి చూపిస్తోంది. ఆరో నంబరు మనిషి తలమీద టోపీలా పెట్టుకుని నడిచాడు. పెరట్లో నల్లగోడ కరిగి కరిగి మళ్ళీ ఇటుకలు కనబడ్డాయి.

ఇస్త్రీ సారు మెట్లు దిగి పరుగులాంటి నడకతో వచ్చాడు. “ఆపండి! జవాన్, ఆపు!” అన్నాడు. జవాను చేత్తో కాగితం చూపించాడు. కింద సంతకం, దాని మీద గుండ్రంగా ముద్ర.

ఆయన ఆ కాగితం చింపడానికి చెయ్యెత్తాడు. చుట్టూ జనం. ఎత్తిన చెయ్యి అలాగే గోడకి ఆనించి నిలబడ్డాడు.

జనమంతా వెళ్ళిపోయాక చెవులమ్మ గేటు దగ్గరికి వచ్చింది. రెండు చేతులూ ఖాళీ. జవాను అలవాటుకొద్దీ ఆవిడ సంచి తెరిచి చూశాడు. ఖాళీ క్యారియరు.

“నువ్వు తీసుకోలేదేం?” అన్నాడు ఇస్త్రీ సారు. “ఇదంతా చేసింది నువ్వేగా.”

మళ్ళీ నువ్వు అయింది. ఆవిడకి అదేమీ అనిపించలేదు.

“నేను పాస్ చెయ్యనిదాన్ని నా ఇంట్లోకి రానివ్వనండీ” అంది.

బయట వీధి అవతలివైపు బావ నిలబడి ఉన్నాడు. పక్కన ఒకటో నంబరు మనిషి ఆయన భుజం మీద చెయ్యి వేసి ఉన్నాడు. అక్క కూడా వచ్చింది. ఇల్లు కదిలి రాని మనిషి. ఎవరు చెప్పారో, ఎప్పుడు వచ్చిందో. ఆమె చేతుల్లో రికార్డు ఉంది. అరచేత్తో దాని మీద నిమురుతోంది, తిప్పి చూస్తోంది.

“ఇటుపక్క కూడా ఉందేమిటయ్యా?” అంటోంది మొగుడితో. “రెండువైపులా చేసేవాడివా? ఎప్పుడూ చెప్పనేలేదు!”

బావ ఏదో చెప్తున్నాడు. చేతులు అటూ ఇటూ కదిలిస్తూ, ముద్ద ఎలా పెట్టేది, మూత ఎలా దించేది, ఆవిరి ఎటు పోయేది, అంచు ఎలా కోసేది. అంత ఎక్కువ మాట్లాడటం చెవులమ్మ ఎప్పుడూ చూడలేదు.

అక్క విని విని, గేటువైపు తలెత్తింది. ఇస్త్రీ సారు ఇంకా గోడకి చెయ్యి ఆనించే ఉన్నాడు.

“వాడేనా?” అంది.

“వాడే” అంది చెవులమ్మ.

అక్క రికార్డుని రెండు చేతులా పైకెత్తి మొహానికి అడ్డంగా పట్టుకుంది. ఒక కన్ను మూసింది. మధ్యనున్న చిల్లులోంచి ఆ మనిషిని కింది నుంచి పైదాకా, ఆయన అక్కణ్ణించి కదిలి లోపలికి వెళ్ళిపోయేదాకా, తీరిగ్గా చూసింది.